అక్క ఎర్ర కారు, తిరగని తాళం

మా బావ ఇప్పుడు నడిపే కారుకు తాళంచెవి తిప్పే పని లేదు. మీట నొక్కితే చాలు, ఇంజను మేలుకుంటుంది. అందులో కూర్చున్నప్పుడల్లా నాకు అక్క ఎర్ర కారే గుర్తొస్తుంది.

రెండు తలుపులు, రెండు సీట్లు, నేలకు ఆనుకున్నట్టుండే ఒళ్లు. రొయ్యల సాగు కలిసొచ్చిన రోజుల్లో, మద్రాసులో ఎవరో వాడి వదిలేసిన ఆ స్పోర్ట్స్ కారును బావ మోజుపడి తెచ్చాడు. ఇందుకూరుపేట దారుల గుంతల్లో దాని అడుగు నాలుగుసార్లు గీసుకునేసరికి మోజు తీరి, ఒక జీపు కొనుక్కున్నాడు. ఎర్ర కారు అక్కదైంది. సాయంత్రం వంట ముగించి మైపాడు సముద్రం దాకా ఒక్కతే వెళ్లి వచ్చేది. ఆ కాసేపట్లో ఆమెను పిలిచేవాళ్లు, పనులు చెప్పేవాళ్లు ఎవరూ ఉండరు.

అలాంటి కారు తాళం ఒక ఎండాకాలం మొరాయించడం మొదలుపెట్టింది. తాళంచెవి లోపలికి వెళ్తుంది గానీ తిరగదు. ఒకసారి సముద్రం ఒడ్డునే అలా అయితే, బావ జీపులో వెళ్లి చీకటిపడే దాకా కుస్తీ పట్టాల్సి వచ్చింది. మెకానిక్కు చూసి తాళం పగలగొట్టాలన్నాడు, కొత్తది మాత్రం ఎక్కడా దొరకదన్నాడు. కారు అమ్మేయడానికి బావ కావలిలో ఒకాయనతో బేరం మాట్లాడేశాడు.

"ఒక్కదానివే బీచీ కాడ ఆగిపోతే ఎట్టా? ఆదివారం ఆయనొచ్చి తీసకపోతాడు. అంతే," అన్నాడట.

అక్క బావతో వాదించలేదు. నాకు ఫోన్ చేసింది. "అబ్బయ్యా, నీ లైబ్రరీ చదువంతా ఇప్పుడు బయటికి తియ్యి. కారు పోయిందంటే నేనింక జీపులో మేత బస్తాల పక్కన కూర్చోని పోవాల్సిందే."

నేను బడిలో చదివింది పదో తరగతి వరకే. మిగిలిన చదువంతా మా ఊరి గ్రంథాలయంలో, ఫ్యాను కింది బల్ల దగ్గర సాగింది. ఆ మాట చెప్పుకోవడానికి నాకు గర్వమే. మోటారు మరమ్మతుల పుస్తకం ఒకటి అక్కడ ఉందని తెలుసు. కారు లేకపోయినా ఆ పుస్తకాన్ని అంతకుముందే రెండుసార్లు చదివాను. తాళాల అధ్యాయం మళ్లీ చదువుకుని, శనివారం పొద్దున్నే అక్క ఇంటికి వెళ్లాను.

వసారాలో బావ కాఫీ తాగుతున్నాడు. "వచ్చినాడమ్మా ఇంజనీరు! పుస్తకం చదివి వినిపిస్తే తాళం సిగ్గుపడి తిరగతాదంట్రా?"

"తిరక్కపోతే అప్పుడు నవ్వు బావా," అన్నాను.

ముందుగా స్టీరింగు చూశాను. చక్రాలు వంకరగా ఆగి ఉంటే స్టీరింగును పట్టి ఉంచే గడియ బిగుసుకుని తాళాన్ని తిరగనివ్వదు. స్టీరింగును అటూ ఇటూ కొద్దిగా కదుపుతూ తాళంచెవి తిప్పితే ఒకసారి తిరిగింది, రెండోసారి తిరగలేదు. తాళంచెవి పళ్లు అరిగాయేమోనని, బీరువాలో వాడకుండా ఉన్న రెండోదాన్ని అడిగాను. కొత్త పళ్లతో అదీ సగంలో ఆగింది. బయటికి లాగి ఎండలో చూస్తే దాని గాడిలో పచ్చటి జిగురు. వాసన చూశాను. పాతబడ్డ కొబ్బరినూనె, పసుపు.

అక్క ముఖం చూస్తే ఆమెకు ముందే అర్థమైనట్టుంది. "ప్రతి ఆయుధపూజకీ నేనే గదబ్బా పెట్టినా. తాళం మీద తడి పసుపు, దాని మీద బొట్టు."

బావ కాఫీ గ్లాసు పక్కన పెట్టి మరీ నవ్వాడు. "చూసినావా! పూజ పూజ అని దాని గొంతులో పసుపు కుక్కింది మీ అక్క!"

"మరి మీరు పోసిన టెంకాయ నూనో? ఉప్పుగాలి, తుప్పు పడతాది అని వారం వారం పోసినారే, అదెవురి గొంతులోకి పోయినట్టు?"

ఇద్దరి మాటా నిజమే. ఈ తీరంలో తాళం కనిపిస్తే చాలు, నూనె చుక్క వేస్తాం. మోటారు షెడ్డు తాళమైనా, ఇంటి గేటు తాళమైనా అంతే. పూజ నాడు పెట్టిన పసుపును తాళంచెవి లోపలికి తోసింది. నూనె దాన్ని తడిపింది. సముద్రపు ఇసుక దుమ్ము వచ్చి అందులో అంటుకుంది. ఏళ్లు గడిచేసరికి లోపలంతా గట్టిపడింది.

బ్యాటరీ వైరు పీకి, మోటారు సైకిళ్ల సామాన్ల కొట్లో తెచ్చిన శుభ్రం చేసే స్ప్రే తాళంలోకి కొట్టాను. తాళంచెవి పెట్టడం, తీయడం, పాత పంచె ముక్కతో తుడవడం. గుడ్డ మీద పసుపు రావడం ఆగేసరికి మధ్యాహ్నమైంది. ఆరాక, నూనెకు బదులు పెన్సిలు ముల్లు నూరిన పొడి కాస్త వేశాను. అక్క వచ్చి తిప్పింది. తిరిగింది. ఇంజను గుర్రుమంది.

బావ అంత సులువుగా లొంగలేదు. "ఇంటి కాడ తిరిగితే ఏం లాభం? మైపాడు పోండి. ఆడ ఆపి, మళ్లీ తిప్పండి. తిరక్కపోతే రేపు ఆయన తోసుకోనైనా పోతాడు."

వెళ్లాం. అద్దాలు దించితే రొయ్యల చెరువుల వాసన, తర్వాత ఎండుచేపల వాసన, ఆ తర్వాత ఒట్టి ఉప్పుగాలి. ఒడ్డున అక్క ఇంజను ఆపేసింది. తాళంచెవి బయటికి లాగి ఒళ్లో పెట్టుకుంది. వెంటనే తిప్పి చూడమన్నాను. వినలేదు. ఉడకబెట్టిన శనక్కాయలు కొనుక్కుని తింటూ కూర్చున్నాం.

"ఎండగట్టిన చెరువులో నేర్చుకున్నాన్రా దీన్ని నడపడం," అంది. "పంట తీసేసి నీళ్లు వదిలేసినాక, అడుగు పగుళ్లిచ్చి ఉండేది. ఆడ గుద్దడానికి ఏముంది? గట్టు తప్ప. మీ బావ గట్టు మీద నిలబడి బ్రేకూ బ్రేకూ అని అరిచేవాడు. నేను నవ్వి నవ్వి బ్రేకు యాడుందో మర్చిపొయ్యేదాన్ని."

పొట్టు దులుపుకుని, తాళంచెవి పెట్టింది. చిన్న శబ్దంతో తాళం తిరిగింది, ఇంజను అందుకుంది.

అక్క ఫోన్ తీసి బావకు కలిపింది. "ఆ కావలాయన్ని రావద్దని చెప్పేయండి." అటు నుంచి బావ ఏమన్నాడో నాకు వినపడలేదు. "సరే, సరే, పాల ప్యాకెట్టు తెస్తాలే," అని ఫోన్ నా చేతికిచ్చి, గేరు వేసింది.