ఎర్రయ్య పేరుకు పలికినవాణ్ణి

నాలుగేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఇంట్లోవాళ్లకు కూడా చెప్పలేదు. చెబితే "ఇంతేనా?" అంటారేమోనని భయం. ఇంతే. కానీ నిజంగా ఇంతేనా? మీరే చూడండి.

నెల్లిమర్ల దగ్గర, మతిమరుపు ముదిరిన పెద్దవాళ్లను చూసుకునే ఆశ్రమంలో పనిచేసేవాణ్ణి. స్నానాలు, మందులు, తిండి, పక్కలు. చేరిన రోజే మాకొక నియమం చెప్పారు: వాళ్లు ఏ కాలంలో ఉంటే మీరూ ఆ కాలంలోకే వెళ్లండి, కాదనకండి.

నూకమ్మగారు శ్రీకాకుళం తీరంలో చేపలమ్మిన మనిషి. కొడుకు ఎర్రయ్యది ఇంచుమించు నా వయసే, నలభై దాటాయి. గుజరాత్ బోట్లలో పనికి వెళితే తిరిగి రావడానికి నెలలు పట్టేది. ఇంట్లో ఉంచితే తల్లి ఒంటరిగా అలల్లోకి నడిచిపోతోందని మా దగ్గర చేర్చాడు. కొడుకు ఒడ్డుకు చేరందే ఆమె ముద్ద ముట్టేది కాదు. పొద్దున్నే పళ్లెం తోసేసేది. అందుకని, నియమం ప్రకారం, నేనే ఎర్రయ్యనయ్యాను.

"ఒరే ఎర్రయ్యా, ఒచ్చీసావేటి?"

"ఒచ్చీసానమ్మా. తినీ."

"ఏటి పడ్డాయిరా?"

"కానాగంతలు."

"ఓస్, కానాగంతలకేనా ఇంత ఆలీసెం!" అని తిట్టి, అప్పుడు తినేది.

ఏడాదికి పైగా రోజూ ఇదే మాట.

హుద్‌హుద్ తుఫాను వచ్చిన మరుసటి వేసవిలో, వేట ముగిసి, అసలు ఎర్రయ్య వచ్చాడు. తల్లికి కొత్త చీర తెచ్చాడు. ఆమె అంచు నలిపి చూసి, "బేరం నా కొడుకుతో ఆడుకో బావూ, లోపలున్నాడు," అంది. అతను నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

వెళ్లేముందు వరండాలో చెప్పులు తొడుక్కుంటూ, నా ముఖంకేసి చూడకుండా అడిగాడు.

"అన్నా, నా పేరెప్పుడైనా తలుస్తాదా?"

ఆ పొద్దున కూడా పిలిచింది. నేను పలికాను.

"లేదు," అన్నాను.

"పోన్లే అన్నా. తింటన్నాది గదా, సాలు."

ఎందుకలా అన్నాను? నా పేరు నువ్వెలా వాడుకున్నావని నిలదీస్తాడనుకున్నానా? ఆ నియమం ఆమెకే గానీ అతనికి కాదని నాకు తెలియదా? లేక, ఆ పిలుపుకు పలికీ పలికీ, దాన్ని సొంతదారుడికి తిరిగి ఇవ్వడానికి మనసొప్పలేదా? ఒకరోజు మొదటిది నిజమనిపిస్తుంది, మరో రోజు చివరిది. పనివాడిగా అన్నానో, కొడుకుగా అన్నానో ఇప్పటికీ తేలలేదు.

మరుసటి వేసవిలో అతను రాలేదు. ఫోన్ చేశాను.

"నన్నెరగదు గదన్నా, ఒచ్చి ఏటి సెయ్యను?"

అప్పుడైనా చెప్పొచ్చు. నోరు తెరిచాను కూడా. ఆరోగ్యం జాగ్రత్త అని పెట్టేశాను.

ఆ చలికాలంలో ఆమె పోయింది. అతను సముద్రం మీద ఉన్నాడు. బంధువులొచ్చి తీసుకెళ్లారు. ఇప్పుడతని నంబరు పలకడం లేదు. ఇది అతని కంట పడుతుందో లేదో తెలియదు. రాస్తుంటే మాత్రం కొంచెం ఊపిరి ఆడుతోంది. అది నాకు తగునో కాదో కూడా తెలియదు.

ఎర్రయ్యా, మీ అమ్మ రోజూ నిన్నే పిలిచేది. ముద్ద పెట్టింది నేనైనా, నువ్వొచ్చావనే తినేది. చివరి ముద్ద కూడా.