ఊరికే నడిచేవాళ్లు

రామేశ్వరమ్మ విత్తనాల కొట్టుకు పోతే సంచి కుట్టు విప్పించి, గింజలు అరచేతిలో పోయించుకుని, ఒకటి కొరికి చూస్తే గానీ కొనదు. పాలు పోయడానికి పోతే కొలిచేవాడి చేతుల వంక చూడదు, కళ్ల వంక చూస్తుంది. చేతులు అబద్ధం నేర్చుకుంటాయి, కళ్లకు అంత తెలివి ఉండదని ఆమె నమ్మకం. ఊళ్లో ఆమెకు అనుమానాలమ్మ అని పేరు. ఆ పేరు పెట్టింది పక్క పొలం హనుమంతయ్యేనని ఆమె అనుమానం.

ఈ గుణం ఆమెకు పుట్టుకతో రాలేదు. చాగలమర్రి దగ్గర, హైవే పక్కన, ఆమె పుట్టింటివాళ్లకు జొన్న చేను ఉండేది. ఒకరోజు టోపీలు పెట్టుకున్న మనుషులు కొందరు వచ్చి, "ఊరికే చూసిపోదామని వచ్చినాం తల్లీ" అన్నారు. ఆమె తల్లి వాళ్లకు మజ్జిగ ఇచ్చింది. వాళ్లు తాగి, చెంబు కడిగి మరీ ఇచ్చి, చేలో సున్నంతో రెండు గీతలు పోసి వెళ్లారు. మరుసటి ఏడు ఆ గీతల మధ్య ఉన్నదంతా రోడ్డయింది. పరిహారం వచ్చింది, అన్నదమ్ములు పంచుకున్నారు. తల్లి మాత్రం పోయేదాకా ఆ మజ్జిగను తలుచుకుని తిట్టుకుంటూనే ఉంది.

అప్పటి నుంచి రామేశ్వరమ్మకు టోపీ అన్నా, సున్నమన్నా, "ఊరికే" అనే మాటన్నా పడదు.

ఆమె ఉండేది నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు పోయే రోడ్డుకు లోపలగా, కాలువ కింద ఒక ఊళ్లో. భర్త శ్రీనివాసులు పోయాక మిగిలింది కాస్త వరి పొలం, రెండు బర్రెలు, నంద్యాలలో బట్టల కొట్లో పనిచేసే కూతురు అమృత. వరి తిండికి సరిపోతుంది. మిగతా బతుకంతా బర్రెల మీదే. బర్రెలు బతికేది పొలం అంచున పచ్చగా పెరిగే గడ్డి పట్టీ మీద. ఆ పట్టీ ఆమెది కాదు.

ఒకప్పుడది బండ్ల రస్తా. అహోబిలం తిరునాళ్లకు పోయే ఎద్దుల బండ్లు ఎదురుపడినా తప్పుకునేంత వెడల్పు ఉండేదట. బండ్లు పోయాయి. ట్రాక్టర్లు కాలువ గట్టెక్కాయి. రస్తా మీద ఎవరూ నడవకపోయేసరికి శ్రీనివాసులు ఏటా దున్నేటప్పుడు ఒక్కొక్క సాలు అటు జరిగాడు. ఒక్క సాలే కదా, ఎవరికి కనిపిస్తుంది. అవతలి వైపు నుంచి హనుమంతయ్య కూడా అలాగే జరుగుతూ వచ్చాడు, కాకపోతే ఆయన సాళ్లు కాస్త పెద్దవి. ఇప్పుడు ఆయన వైపు అరటి తోట, ఈమె వైపు గడ్డి, మునగచెట్లు, వాటికి కంప కంచె. రెంటికీ మధ్య మేక దూరేంత సందు. పెద్దవాళ్లు పొలాన్ని రోడ్డు చేస్తే అభివృద్ధి, శ్రీనివాసులు రోడ్డును పొలం చేస్తే ఆక్రమణ. ఈ తేడా ఆమెకు ఎవరూ చెప్పకుండానే తెలుసు.

అలాంటి చోటికి, పోయిన నెల రెండో శనివారం పొద్దున, టోపీలు పెట్టుకున్న జనం వచ్చారు.

మగవాళ్లు, ఆడవాళ్లు, పిల్లలు, గొడుగు పట్టుకుని ఒక ముసలావిడ. అందరి కాళ్లకూ బూట్లు. ముందు నడిచే మనిషి మెడలో ఈల. రామేశ్వరమ్మ గడ్డి కోసే కొడవలితోనే ఎదురెళ్లింది.

"యాడికి పోతాండారు?"

"ఆ మిట్ట మీద పాత మంటపం ఉంది గదా పెద్దమ్మా, ఆడిదాకా. నా పేరు ప్రేమ్ సాగర్. నంద్యాల బళ్లో డ్రిల్లు మాస్టర్ని. వీళ్లంతా మా పిల్లోళ్లు, వాళ్ల అమ్మానాయనలు."

"ఆ మంటపంలో దేవుడు కూడా లేడే. గబ్బిలాలుండాయి."

"దేవుని కోసం కాదులేమ్మా. ఊరికే నడిచేకి వచ్చినాం."

ఊరికే. ఆమె కొడవలి పిడిని గట్టిగా పట్టుకుంది.

"నడిస్తే ఏమొస్తాది?"

"ఏం రాదు. ఒంటికి మంచిది. పిల్లోళ్లు కొంచేపన్నా సెల్లు ఇడిసిపెడ్తారు."

"ఒంటికి మంచిదైతే నా గడ్డి కోసి పోండి. ఇంకా మంచిది."

జనం నవ్వారు. ఆమె నవ్వలేదు. ప్రేమ్ సాగర్ కూడా నవ్వి, "ఇది పాత అహోబిలం రస్తా అంట గదా. ఎంత ఎడల్పు ఉండేది పెద్దమ్మా?" అని అడిగాడు. ఆ ఒక్క ప్రశ్నతో ఆమెకు మనిషి అర్థమైపోయాడు.

"నాకు తెల్దు" అంది.

వాళ్లు ఒకరి వెనక ఒకరు సందులో ఒరుసుకుంటూ పోయారు. కంప గీసుకుని ఒక పాప ఏడ్చింది. అందరూ కనుమరుగయ్యేదాకా రామేశ్వరమ్మ గట్టు మీద నుంచి కదల్లేదు. సాయంత్రం కూతురికి ఫోన్ చేసింది.

"పట్నంలో ఇట్లనే నడుస్తారు మా" అంది అమృత. "పార్కులో గుండ్రంగా తిరుగుతాంటారు, యాడికీ పోరు."

"యాడికీ పోనోళ్లు నా పొలం కాడికి ఏంటికొచ్చిరి?"

"నీకన్నీ అనుమానాలే."

"ఆ మాట నీకెవరు చెప్పినారు? హనుమంతన్న ఫోన్ చేసినాడా?"

మర్నాడు హనుమంతయ్యనే కదిలించి చూసింది. ఆయన అరటాకులు కోస్తూ తలెత్తకుండా, "ప్లాట్లేస్తారేమో. ముందు పిల్లోళ్లను తిప్పుతారు, తర్వాత రాళ్లు పాతుతారు" అన్నాడు. తనను భయపెట్టడానికన్నాడో, ఆయనకే భయంగా ఉందో ఆమె తేల్చుకోలేకపోయింది. కానీ ఆ వారమే ఆయన తోట అంచు దాటించి సందులోకి ఒక వరస కొత్త అరటి పిలకలు నాటించడం మాత్రం చూసింది.

ఈ నెల రెండో శనివారానికి ముందు రోజు, పొద్దు వాలే వేళ, ప్రేమ్ సాగర్ ఒక్కడే స్కూటర్ మీద వచ్చాడు. సంచి తీసి, కాలువ గట్టు దిగే చోట వంగి, పిడికిలితో తెల్లగా ఏదో పోశాడు. కంచె మొదట్లో ఇంకోటి పోశాడు. బండెక్కి వెళ్లిపోయాడు.

బర్రెల చాటు నుంచి చూసిన రామేశ్వరమ్మ బండి చప్పుడు దూరమయ్యేదాకా ఆగింది. దగ్గరికి పోతే రెండూ తన కంచె వైపు చూపే బాణాలు. వేలికి రాసుకుని చూసింది. సున్నం. పోయినసారి నడకలో వెనక ఉండిపోయిన కుటుంబాలు దారి తప్పి రోడ్డెక్కాయని, బళ్లో పరుగుపందేలకు గీతలు పోసే సున్నంతోనే మాస్టరు బాణం గుర్తులు పెట్టాడని ఆమెకు చెప్పేవాళ్లెవరూ లేరు. చెప్పినా నమ్మేది కాదు.

తెల్లారగట్ల చీపురు తీసుకుపోయి రెండు గుర్తులూ ఊడ్చేసి, పేడనీళ్లు చల్లింది. అప్పుడు ఆలోచన వచ్చింది. గుర్తు లేకపోతే వాళ్లు మళ్లీ పోస్తారు. అదే గుర్తు ఇంకో వైపు చూపిస్తే? ఇంట్లోంచి ముగ్గుపిండి తెచ్చి, గట్టు దిగే చోట, హనుమంతయ్య అరటి తోటలోకి బాణం వేసింది. పెళ్లయినప్పటి నుంచి వాకిట్లో ముగ్గులు వేసిన చెయ్యి. బాణం తీరుగా వచ్చింది, రెండు రెక్కలూ సమంగా ఉన్నాయి. అలవాటు కొద్దీ కొసకు ఒక చుక్క కూడా పెట్టింది.

జనం వచ్చారు. బాణం చూశారు. తోటలోకి పోయారు. రామేశ్వరమ్మ మునగచెట్టు కింద గడ్డి కోస్తున్నట్టు కూర్చుంది. కాసేపటికి అరటాకుల్లోంచి హనుమంతయ్య గొంతు లేచింది.

"ఎవురు మీరు? ఎవురు రమ్మన్నారు మిమ్మల్ని?"

ఈల మోగింది. బూట్ల నిండా బురదతో అందరూ గట్టు దగ్గరికి తిరిగొచ్చారు, వెనకే హనుమంతయ్య.

"బాణం ఇట్లే చూపిస్తాంది గదన్నా" అన్నాడు ప్రేమ్ సాగర్. వంగి, బాణాన్ని పరీక్షగా చూశాడు. "ఇది నేను పోసింది కాదు. ఇంత సక్కంగా నాకు రాదు." చుక్క కనిపించినట్టుంది, కంచె అవతలున్న రామేశ్వరమ్మ వైపు చూశాడు. ఏమీ అనలేదు. ఏమీ అనని మనిషిని ఎట్లా నమ్మడమో ఆమెకు తెలియలేదు.

హనుమంతయ్య మాత్రం అనేశాడు. "నా తోటలో దావ యాడుంది? దావ ఉండేది ఆ యమ్మ గడ్డిలో. మొగుడూ పెండ్లాం కలిసి రస్తా అంతా దున్నుకునిరి. సర్వేయర్ సారు ఈన్నే ఉండాడే. సార్, మీరే చెప్పండి."

వెనక వరసలో కూతురి చెయ్యి పట్టుకుని నిలబడ్డ మనిషి ఇబ్బందిగా కదిలాడు. మండల సర్వేయర్ అజయ్ కుమార్. అందరిలాగే టోపీ, అందరిలాగే బూట్లు. రామేశ్వరమ్మ గడ్డి కోయడం ఆపేసింది. నెల రోజుల అనుమానం నిజమైంది, దాన్ని నిజం చేసింది తనే. పోయినసారిలా సందులో పోనిచ్చి ఉంటే ఆయన పాపతో కబుర్లాడుకుంటూ దాటిపోయేవాడు.

"నేను సెలవులో ఉండానప్పా" అన్నాడు అజయ్ కుమార్. "పాపను నడిపిద్దామని వచ్చినా. ఎవరన్నా అర్జీ పెడితే అప్పుడు కొలుస్తాం."

"నేను పెడతా" అన్నాడు హనుమంతయ్య.

గడ్డి పోతే బర్రెలు పోతాయి. బర్రెలు పోతే కూతురి అద్దె గదిలో ఒక మూల చాప. రామేశ్వరమ్మ లేచి నిలబడి కొంగు దోపుకుంది.

"పెట్టన్నా. తప్పకుండా పెట్టు. సారు ఒక పక్కే కొలవడు గదా, రెండు పక్కలా కొలుస్తాడు. నువ్వు మొన్న నాటించిన పిలకలు ఉండాయే, ఆడ్నించే మొదలుపెట్టమందాం."

హనుమంతయ్య తన తోట అంచు వైపు చూశాడు. సర్వేయర్ ఆకాశంలోకి చూశాడు. గొడుగు ముసలావిడ, "మేము ఊరికే నడుద్దామని వస్తిమి తల్లీ" అని గొణిగింది.

రామేశ్వరమ్మ ఆ జనాన్ని, ఆ బూట్లను, బురదలో జారుతున్న పిల్లలను చూసింది. రస్తా మూసేస్తేనే రస్తా యాడుందని అడుగుతారు. నడవనిస్తే ఎవరడుగుతారు? కొడవలితో కంపను ఎత్తి పక్కకు లాగింది. తన గడ్డిలోనే, కంచె వెంబడి, మనిషి పోయేంత దారి వదిలింది.

"ఒకరెంట ఒకరు పోండి. గడ్డి తొక్కొద్దు. నెలకొకసారే, చెప్తాండా."

"నా పక్క కూడా ఆ పిలకలు తీపిస్తాలే" అన్నాడు హనుమంతయ్య, ఎవరూ అడగకుండానే. "పిల్లోళ్లు నడుస్తారు, పాపం."

"అర్జీ?" అంది రామేశ్వరమ్మ.

"అర్జీ ఏంటికమ్మా, మనలో మనకు."

ఆ మాట ఆమె నమ్మలేదు. అయినా ప్రేమ్ సాగర్ ఈల వేశాడు, వరస కదిలింది. మాస్టరు దాటుతూ, "ముగ్గు బాగా ఏస్తావు పెద్దమ్మా" అన్నాడు మెల్లగా. ఆమె వినపడనట్టు అటు తిరిగింది.

అందరికంటే వెనక సర్వేయర్, ఆయన కూతురు. రామేశ్వరమ్మ వాళ్లను ముందు పోనిచ్చి, తను వెనక నడిచింది. ఆయన అడుగులు ఒకే కొలతగా పడుతున్నట్టు తోచింది.

"నీ పేరేంది పాపా?"

"జెస్సికా."

"మీ నాయన నోట్లో ఏమో అనుకుంటాండాడే, ఏంది?"

"పాట పాడుకుంటాండాడు అవ్వా. చర్చి పాట."

ఆమె చెవి ఒగ్గింది. ఆయన పెదవులు కదులుతూనే ఉన్నాయి. పాటో లెక్కో తేలలేదు. ఇంకాస్త దగ్గరికి జరిగింది. గడ్డి పట్టీ అయిపోయింది, మిట్ట మొదలైంది. ఆయన ఆగలేదు. ఆమె కూడా ఆగలేదు.