నేను కోసిన గోరు

మా ఇంట్లో అంట్లు తోమి, ఇల్లు తుడిచే ఆమెకు కుడికాలి బొటనవేలి గోరు ఒక మూల మాంసంలోకి దిగింది. ఆ గోరును నేను కోశాను. ఈ మాట ఇన్నాళ్ళూ ఎవరితోనూ అనలేదు. అడిగినవాళ్ళకు "పాపం, షుగర్ ముదిరిందట" అని చెప్పి తప్పించుకున్నాను.

పుప్పాలగూడలో మాది పదమూడో అంతస్తు. ఆమె ఆరేళ్ళుగా మా ఇంటికి వస్తోంది, నాకంటే అయిదారేళ్ళు పెద్దది. ఆ సోమవారం కుంటుతూ వచ్చి, "మేడం, రేపు రాను. గోరు గుచ్చుతున్నది. సర్కారు దవాఖానకు పోయొస్త," అంది. నా గుండెల్లో రాయి పడింది. ఆమె వేలి గురించి కాదు. గురువారం మా టీమ్ సాఫ్ట్‌వేర్ రిలీజ్. పొద్దస్తమానం కాల్స్, సింకు నిండా గిన్నెలు. ఈవిడ రాకపోతే నా గతేమిటి? నా ఏడుపంతా అదే.

"గోటికి కూడా దవాఖానేంటి? లైన్లో నిలబడ్డానికే రోజంతా పోతుంది. కూర్చో, నేను తీసేస్తా," అన్నాను.

"అయ్యో, నా కాలు మీరు ముట్టుకునుడేంది మేడం!" అని వెనక్కి జరిగింది. నేనే బలవంతంగా కూర్చోబెట్టాను. నేనెంత మంచిదాన్నో అని నాకే ముచ్చటేసింది కూడా. నా మొహం, మంచితనం!

ఫోన్లో ఒక వీడియో చూశాను. వేడినీళ్ళలో ఉప్పు వేసి కాలు నానబెట్టించాను. నెయిల్ కట్టర్ మూలకు దూర్చి, గోరును ఏటవాలుగా లోతుకంటా కోశాను. ఆమె సోఫా అంచు పట్టుకుని కళ్ళు మూసుకుంది. "నొప్పా?" అంటే "జర" అంది. రక్తం వచ్చింది. ఇంకా ఏదో ముక్క మిగిలినట్టు అనిపించి పిన్నీసుతో కెలికాను. అంతటితో ఆగినా బాగుండేది. కడపలో మా అవ్వ చేతివేలి గోరుచుట్టుకు చేసే వైద్యం గుర్తొచ్చింది. నిమ్మకాయకు బొక్క పెట్టి, పసుపు కూరి, వేలికి టోపీలా తొడిగేది. తగుదునమ్మా అని నేనూ అదే చేశాను. గోరుచుట్టు వేరు, మాంసంలోకి దిగిన గోరు వేరు అన్న ఇంగితం లేదు. షుగర్ ఉందా అని ఒక్క మాట అడగలేదు. ఆమె కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే "మండిందంటే పని చేస్తోందన్నమాట" అని ఆరిందాలా చెప్పాను.

మర్నాడు ఆమె పనికి వచ్చింది. నాకు కావలసింది అదే కదా. నా వైద్యం సంగతి అపార్ట్‌మెంట్ ఆడవాళ్ళ వాట్సాప్ గ్రూపులో గొప్పగా రాసుకున్నాను. అందరూ దండాలు, చప్పట్లు పెట్టారు.

బుధవారం ఆమె ఆ వేలికి పాలిథిన్ కవర్ చుట్టుకుని బాత్రూమ్ కడుగుతోంది. ఇంట్లో నేను మెత్తటి చెప్పులు వేసుకుని తిరుగుతాను. ఆమె చెప్పులు మాత్రం గుమ్మం బయటే ఉండాలి. కవర్ ఎందుకు కట్టుకున్నావని నోటిదాకా వచ్చింది. అడిగితే సెలవు కావాలంటుందని అడగలేదు. గోరు కోయడం తెలియక చేశాను. ఇది తెలిసే చేశాను.

శనివారానికి పాదం పొంగింది. వేలు నల్లగా కమిలి వాసన వస్తోంది. ఆమెను కారెక్కించుకుని మెయిన్ రోడ్డు మీది ఆసుపత్రికి పరిగెత్తి, మా ఇంట్లో పని చేస్తుందని చెప్పాను.

"షుగర్ ఉందా అమ్మా?" అని అడిగాడు డాక్టరు.

"ఉంది సారు. మూడేండ్ల సంది."

ఆ మూడేళ్ళూ పండగలకు మిగిలిన మిఠాయిలన్నీ డబ్బాల్లో సర్ది ఆమెకు పంపింది నేనే.

"దీని మీద ఏం పెట్టారు?"

"నిమ్మకాయ, పసుపు సారు."

"షుగర్ ఉన్నవాళ్ళు కాలి గోరు ఇంట్లో కెలక్కూడదు. పుండు తొందరగా మానదు, నొప్పి కూడా సరిగా తెలియదు. మూల లోతుగా కోస్తే మిగిలిన ముక్క ముల్లులా లోపలికే పెరుగుతుంది. ఎవరు కోశారిది?"

చెప్పాలనే నోరు తెరిచాను. తల దించుకుని బ్యాగు జిప్పు సర్దుకున్నాను. ఆమె ఒక్కసారి నా వైపు చూసింది.

"నేనే కోసుకున్న సారు. తెల్వక."

"బుద్ధుందా నీకు? చదువుకున్న మేడం ఇంట్లో పని చేస్తున్నావ్, ఆమెనైనా ఒక్క మాట అడగొచ్చు కదా!" అని అందరూ వినేలా కసిరాడు. తరవాత నా వైపు తిరిగి, "మీరు తీసుకొచ్చారు కాబట్టి సరిపోయిందండీ. ఇంకో రెండు రోజులైతే పాదమే పోయేది," అన్నాడు.

నేను తలూపాను. థాంక్స్ కూడా చెప్పాను.

వేలు తీసేశారు. మూడో రోజు వార్డులో పక్కన ఎవరూ లేనప్పుడు ఆమె చెయ్యి పట్టుకుని ఏడ్చాను. "ఇదంతా చేసింది నేనని డాక్టరుకు ఎందుకు చెప్పలేదు?" అని అడిగాను. తప్పు నాది, నిలదీయడం మాత్రం ఆమెనే!

"మీ పేరు చెప్తే గంత మంది ముంగట మిమ్ముల తిడ్తుండె మేడం. మీరు తట్టుకోరు. నాకైతే అలవాటే," అంది.

ఆమెకు ఆ అలవాటు చేసినవాళ్ళలో నేనూ ఉన్నాను.