సంతకం నాదే, రాత ఎవల్ది?

మా మేనత్త పోయిందన్న కబురు నేను బడిలో ఉండగా వచ్చింది. నాంపల్లి స్టేషను రోడ్డులో ఆమె హోటలు పక్కన పాన్ డబ్బా నడిపే ఆయన సైకిలు మీద వచ్చి, తరగతి గుమ్మంలో నిలబడి, "టీచరమ్మా, అత్తమ్మ లేదు" అన్నాడు. పొద్దున పప్పుకి తాలింపు పడేదాకా పొయ్యి దగ్గరే ఉందట. కుర్చీలో కూర్చుని మంచినీళ్లు అడిగిందట. నీళ్లు తెచ్చేసరికి తల వాల్చేసింది.

తర్వాత కొన్నాళ్లకు హోటళ్ల యజమానులు అబిడ్స్‌లో సంతాప సభ పెట్టారు. పటానికి బంతిపూల దండ వేశారు. వాళ్ల సంఘం పెద్ద లేచి, "ఎన్ని కష్టాలొచ్చినా నోరెత్తని సహనమూర్తి" అని చదివాడు. అందరూ తల వంచుకున్నారు. నేను వంచలేదు. మా అత్తమ్మ నోరెత్తింది. ఊరంతా వినేలా ఎత్తింది. అప్పుడు చెవులు మూసుకున్నవాళ్లే ఇప్పుడు ఆమెకు నోరు లేదని రాసుకొచ్చారు. బతికుండగా ఆమెకు దక్కనిది ఎలాగూ దక్కలేదు, పోయాకైనా ఆమె కోపాన్ని ఆమెకు వదిలేయండి అని అడగడానికే ఇది రాస్తున్నాను.

అత్తమ్మది భువనగిరి వైపు పల్లె. రజాకార్ల గడబిడ సద్దుమణిగాక మామయ్యతో కలిసి పట్నం వచ్చి, స్టేషను దగ్గర ఒక మేడ కిరాయికి తీసుకుని భోజన హోటలు పెట్టింది. కింద వంటిల్లు, భోజనాల హాలు. మీద బస గదులు. కచేరీ పనుల మీద, దవాఖాన పనుల మీద పల్లెల నుంచి దిగేవాళ్లు ఆ గదుల్లో ఉండేవాళ్లు. ఏడాది తిరక్కుండానే మామయ్య జ్వరంతో పోయాడు. ఇక పల్లెకు వచ్చేస్తుందని మా నాన్న బండి కట్టించుకుని వెళితే, "పొయ్యి ఆర్పి వస్తనా అన్నా? పైన మన్షులున్నరు" అని అన్నం పెట్టి పంపించేసింది.

ఆమె మొహమాటం ఎరగదు. అన్నం వదిలేసి లేస్తే ఎంత పెద్ద ఉద్యోగినైనా కూర్చోబెట్టేది. పెరుగు పలచనైందని ఎవరైనా అంటే గిన్నె తీసుకెళ్లి వేలితో చూసి, నిజమైతే, "ఔ, నీళ్లయింది" అని ఒప్పుకుని వేరే గిన్నె తెచ్చేది. అబద్ధం అన్నది ఆమె కడుపులో ఇమిడేది కాదు.

ఆ హోటల్లో రోజూ మధ్యాహ్నం భోంచేసేవాళ్లలో ఒక బీమా ఏజెంటు ఉండేవాడు. అబిడ్స్‌లో ఆఫీసు. వంటింటి గుమ్మానికి ఎదురుగా ఉన్న బల్లే కావాలనేవాడు, పులుసు పొయ్యి మీంచి నేరుగా వస్తుందని. అత్తమ్మను అక్కా అని పిలిచేవాడు. "అగ్గి తలిగితే ఏం జేస్తవక్కా? నేను రాసిపెడత, నీకు ఫికరుండది" అని, తనే కాగితాలు తెచ్చి, తనే ఇంగ్లీషులో నింపి, ఎక్కడ సంతకం పెట్టాలో వేలు పెట్టి చూపించాడు. అత్తమ్మకు తెలుగులో సంతకం చేయడం వచ్చు. ఇంగ్లీషు రాదు. అప్పటికి నేను వరంగల్‌లో పంతులమ్మ ట్రైనింగులో ఉన్నాను. తమ్ముడి వరస చెప్పుకుని అన్నం తిన్న మనిషి రాసిందాన్ని ఎవరు అనుమానిస్తారు?

నేను పట్నంలో ఉద్యోగానికి చేరి అత్తమ్మ దగ్గరే ఉంటున్న మొదటి ఎండాకాలంలో వంటింట్లో నిప్పంటుకుంది. మిట్టమధ్యాహ్నం. కాగుతున్న నెయ్యి పొంగి పొయ్యిలో పడి, మంట పక్కనున్న కట్టెలకు పాకింది. అత్తమ్మ చేతిలో ఉన్న ఇనుప గరిటెతోనే మేడెక్కి ఒక్కో తలుపూ బాదింది. "సామాను ఇడిశిపెట్టున్రి, పానం పట్టుకొని దిగున్రి" అని అరుస్తోంది. మూల గదిలో కంటి ఆపరేషను చేయించుకున్న ముసలమ్మ, రెండు కళ్లకూ కట్టు. ఆమెను నడుం పట్టి, ఒక్కో మెట్టూ చెబుతూ పొగలోంచి దింపుకొచ్చింది. ఈలోగా మా వంటాయన మెట్ల కింద సెగకు సలసల కాగుతున్న నెయ్యి డబ్బాలను ఉత్త చేతులతో పెరట్లోకి లాగేశాడు. అవి అంటుకుని ఉంటే మెట్లుండేవి కావు, పైనున్నవాళ్లూ ఉండేవాళ్లు కారు. ఎవరి ప్రాణమూ పోలేదు. వంటాయన చేతులు మాత్రం పోయాయి. పుండ్లు మానాయి కానీ వేళ్లు మళ్లీ ముడుచుకోలేదు.

కంపెనీ మనిషి వచ్చి గోడలు కొలుచుకుని, నష్టం రాసుకుని, మర్యాదగా మంచినీళ్లు తాగి వెళ్లాడు. ఆ తర్వాత జవాబు వచ్చింది. పైసా రాదు. ఎందుకంటే, మేము రాయించుకున్నది హోటలు కాదట, నివాసం ఉండే ఇల్లట. వంట పెరట్లో రేకుల పాకలో జరుగుతుందట. కిరాయి గదులే లేవట. ఏజెంటు నింపిన కాగితాల్లో అలాగే ఉంది.

అత్తమ్మ నన్ను వెంటబెట్టుకుని అబిడ్స్ ఆఫీసుకి వెళ్లింది. మేనేజరు కోస్తా వైపు మనిషి, మెత్తగా మాట్లాడతాడు. ఏజెంటు పక్కనే నిలబడి ఉన్నాడు.

"మీరు హోటలు సంగతి దాచిపెట్టారమ్మా. కంపెనీ ఏం చేయగలదు?" అన్నాడు మేనేజరు.

"దాచిపెట్టే జాగనా గది? బోర్డు గట్టి నడిపిన. గీ సారు రోజు గాడనే తిన్నడు." అత్తమ్మ ఏజెంటు వైపు తిరిగింది. "వంటింటికి ఎదురుంగ కూసొని తింటివి కద. ఏ పాకలకెల్లి వచ్చింది నీ పులుసు?"

"కిస్తీ తక్కువ పడ్తదని నీ మంచికే గట్ల రాసిన అక్కా" అన్నాడతను నేల చూస్తూ.

"నా మంచికైతే నాకు చెప్పినవా?"

మేనేజరే కలగజేసుకున్నాడు. "సంతకం మీదే కదమ్మా?"

"సంతకం నాదే. రాత ఎవల్ది?"

"మాకు సంతకమే ముఖ్యం" అన్నాడు మేనేజరు. ఆ మాట అనడానికి అతనికి గొంతు కూడా తగ్గలేదు. అది తలచుకుంటే ఇప్పటికీ నా ఒళ్లు మండుతుంది.

"సరే, ఇంకొకటి చెప్పున్రి. మా వంటాయన చేతులు ఏ కాయితంల ఉన్నయి?" అని అడిగింది అత్తమ్మ.

పనివాళ్ల దెబ్బలకు వేరే బీమా ఉంటుందని, దిగినవాళ్ల పెట్టెలకు మరొకటని, హోటలు మూతపడ్డ రోజులకు ఇంకొకటని అప్పుడు చెప్పాడు మేనేజరు. "అన్నీ ఉన్నాయమ్మా, మీరు అడగలేదు" అన్నాడు. ఉన్నాయని తెలియనివాళ్లు ఎలా అడుగుతారు?

అక్కడి నుంచి అత్తమ్మ హోటలు హోటలుకీ తిరిగింది. "నాకు పైసలియ్యకున్రి. గా ఏజెంటు మీకు గూడ గిట్లనే రాసిండని కంపెనీ ముంగట నిలబడి చెప్పున్రి, సాలు" అని అడిగింది. అదే ఏజెంటు రాసిన హోటళ్లు ఆ చుట్టుపక్కల చాలా ఉన్నాయి. సంఘం పెద్ద తన గల్లా దగ్గర కూర్చునే, "మాది గూడ గాడనే ఉన్నది వదినా. మేం నోరిప్పితే రేపు మాకు అగ్గి తలిగిన్నాడు ఎవలిస్తరు?" అన్నాడు. ఒక్కరంటే ఒక్కరు రాలేదు. సంతాప సభలో సహనమూర్తి అని చదివింది ఈ పెద్దమనిషే.

కంపెనీ సొమ్ము రాకుండానే అత్తమ్మ మళ్లీ పొయ్యి వెలిగించింది. మెడలో, చేతికి ఉన్నవి అమ్మేసింది. ముందు దిగినవాళ్ల కాలిపోయిన బట్టలకు బట్టలు కొనిచ్చింది. తర్వాతే గిన్నెలు కొంది. మేడ గదులు వదులుకుని కింద హాలు ఒక్కటే నడిపింది. వంటాయనను ఇంటికి పంపలేదు. పొయ్యి పక్కన పీట వేసి కూర్చోబెట్టి, ఆయన చెబుతుంటే తను కలిపేది. రుచి పాతదేనని ఎవరైనా మెచ్చుకుంటే, "వంట ఆయనదే. చేతులే నావి" అనేది.

నాంపల్లిలో గానీ అబిడ్స్‌లో గానీ ఎవరు కొత్తగా హోటలు పెడుతున్నారన్నా పిలవకుండానే వెళ్లేది. "ఇల్లు గలాయనది ఇల్లు, నీవి గిన్నెలు, దిగినోళ్లవి పెట్టెలు, పని చేసెటోళ్లవి కాళ్లు చేతులు. అన్నీ ఒక్క కాయితంల ఉన్నయంటే నమ్మకు. వంట ఏడ చేస్తవో, పైన ఎవలు పంటరో ఉన్నదున్నట్టు చెప్పు. రాసినంక సదివించు. అర్థమైతేనే సంతకం పెట్టు" అనేది. ఏజెంట్లు ఆమెను చూస్తే విసుక్కునేవాళ్లు. ఆమె కుర్చీ లాక్కుని కూర్చుని, నన్నో, ఇంగ్లీషు వచ్చిన ఇంకొకరినో పక్కన పెట్టుకుని, ప్రతి ముక్కా తెలుగులో చెప్పించేది.

లక్డీకాపూల్‌లో సంఘం పెద్ద కొత్త లాడ్జి తెరిచినప్పుడు అతనే కబురు పంపాడు, వచ్చి కూర్చోమని. వెళ్లింది. నాకు ఒళ్లు మండిపోయి, "ఆయన కోసం ఎందుకు పోయినవు అత్తమ్మా?" అన్నాను.

"ఆయన కోసం పోయిన్నా? ఆయన కాడ వంట చేసెటోళ్లకు చేతుల్లేవా?"

ఈ యేడు జీవిత బీమా ఒక్కటే సర్కారు చేతికి పోయింది, నిప్పు బీమా ఇంకా కంపెనీల దగ్గరే ఉందని నేను పేపరు చదివి చెబితే, "మంచిదే. వంటిండ్ల సంగతి ఎన్నడు చూస్తరట?" అంది. అదీ ఆమె సహనం.

సభ అయ్యాక, చాయ్ తాగుతూ ఇద్దరు ముగ్గురు నా వెనకాల అనుకున్నారు. మంచి మనిషే కానీ మొండిదట, కంపెనీ ఇస్తానన్నదీ కాలదన్నుకుందట. ఆ సంగతి నేను చెప్పాలి, ఆ రోజు మేనేజరు గదిలో ఆమె పక్కన ఉన్నది నేను కాబట్టి.

నిప్పంటుకున్న మరుసటి ఎండాకాలంలో మేనేజరు పిలిపించాడు. కంపెనీ దయతలచి కొంత ఇస్తుందన్నాడు. ఒక కాగితం మీద సంతకం పెడితే చాలన్నాడు. నేను దాన్ని తెలుగులో చదివి వినిపించాను. హోటలు సంగతి నేనే దాచాను, ఏజెంటు నేను చెప్పినట్టే రాశాడు, తప్పంతా నాదే అని ఉంది. అత్తమ్మ మళ్లీ చదవమంది. చదివాను.

"పైసలు నాకు అక్కరనే ఉన్నయి సారూ" అంది మేనేజరుతో. "కాని గిది అబద్ధం. గీ అబద్ధం మీద సంతకం పెట్టి తీస్కుంటే నాకు, గా ఏజెంటుకు ఫరక్ ఏమున్నది?" కాగితాన్ని బల్ల మీద అతని వైపు జరిపి లేచింది.

మెట్లు దిగి ఎండలో నడిచాం. రిక్షా ఎక్కుదామంటే వద్దంది. మొజంజాహీ మార్కెట్ దాకా నాకంటే ముందే నడిచింది. అక్కడ ఆగి, "కడుపుల మండుతున్నది బిడ్డా. జర సల్లటిది ఏదన్న తిందాం" అంది. ఐస్‌క్రీం ఆమె అంతకుముందు ఎన్నడూ తినలేదు. మామిడిపండుది ఇప్పించాను. మార్కెట్టు రాతి మెట్ల మీద, వచ్చేపోయేవాళ్ల మధ్య, చీర కుచ్చిళ్లు కాళ్ల కిందకి లాక్కుని కూర్చుంది. మొదటి చెంచాకే పళ్లు జివ్వుమన్నాయని మొహం చిట్లించింది. అయినా ఆపలేదు.

"కోపం తగ్గిందా అత్తమ్మా?" అని అడిగాను.

"ఎందుకు తగ్గాలె?" అంది. ఖాళీ గిన్నె నా చేతికిచ్చి, "ఇంకొకటి తెప్పియ్యి" అంది. అది వచ్చేదాకా అలాగే కూర్చుంది, ఎండకు ఎర్రబడ్డ మొహంతో, కళ్లు చికిలించి అబిడ్స్ వైపే చూస్తూ.