పాస్టరుగారు నన్ను ప్రార్థన చేయమన్న ఆదివారం

మొన్న మా అక్కకు కంట్లో శుక్లం తీశారు. నల్లద్దాలు పెట్టుకుని కూడా ఆదివారం గుడి మానడానికి ససేమిరా అంది. మా ఊళ్లో చర్చిని గుడి అనే అంటాం. కోడలు పుట్టింటికి వెళ్లి ఉండడంతో, చెయ్యి పట్టుకుని తీసుకెళ్లే పని నరసరావుపేట నుంచి ఆమెను చూడ్డానికి వెళ్లిన నా మీద పడింది. ఆ గుడిలో నేను అడుగుపెట్టి ముప్పై ఏళ్లు దాటింది.

మా నాన్న అక్కడ సంఘపెద్ద. మన ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో బెంచీలెక్కడివి, మైకులెక్కడివి, ఈతచాపల మీద మగవాళ్లొక వైపు, ఆడవాళ్లొక వైపు కూర్చుంటే నాన్న గొంతెత్తి పాట అందుకునేవాడు, ఆయన వెనకే నేను. పుస్తకం చూడకుండా చరణాలన్నీ పాడతానని ఆయనకు మహా గర్వం. మాచర్లలో టీచరు ఉద్యోగంలో చేరాక, ఎందుకని అడిగితే ఒక్క కారణం చెప్పలేను గానీ, నాలో నమ్మకం కొంచెం కొంచెంగా సడలి చివరికి లేకుండానే పోయింది. నాన్నకు ఆ సంగతి చెప్పలేదు. ఆదివారాలు పరీక్ష పేపర్లు దిద్దుకోవాలని సాకులు చెప్పాను. ఆయనకు తెలుసు, అయినా అడగలేదు. ఆయన పోయేదాకా వానల గురించీ పత్తి చేను గురించీ మాట్లాడుకుంటూ గడిపేశాం.

మొన్నటి ఆదివారం గుమ్మం దగ్గర చెప్పులు విడుస్తూనే నా చెయ్యి దానంతటదే కొంగు తీసి తల మీద కప్పింది. నటిస్తున్నానా అని నా మీద నాకే చిరాకేసింది. ఇప్పుడక్కడ కీబోర్డు వచ్చింది, పాట గోడ మీది తెరపై కనిపిస్తోంది, నేను మాత్రం దానివైపు చూడకుండానే పాడేస్తున్నాను. కొత్తగా వచ్చిన కుర్ర పాస్టరు అది చూసి నన్నెవరో గొప్ప విశ్వాసురాలనుకున్నట్టున్నాడు, ఆఖర్న, నరసరావుపేట నుంచి వచ్చిన అమ్మగారు ముగింపు ప్రార్థన చేస్తారని ప్రకటించేశాడు. వచ్చిన పెద్దవాళ్లకు మా వాళ్లిచ్చే గౌరవం అది. కాదంటే అక్క పరువేం కాను, ఔనంటే నా నిజాయితీ ఏం కాను? అప్పటికే అందరూ తలలు వంచి కళ్లు మూసుకున్నారు. అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

లేచి నిలబడ్డాను.

"అయ్యగారూ, నాకు నమ్మకం పోయి చానా ఏళ్లయింది. ప్రార్థన చేస్తే అబద్ధమవుద్ది. మా నాన్న నేర్పిన పాటయితే పాడతా" అన్నాను.

అందరూ కళ్లు తెరిచారు. పాస్టరు కాస్త తడబడి, పాడమన్నాడు. మొదటి చరణం ఒక్కదాన్నే పాడాను. రెండో చరణానికి అక్క అందుకుంది, ఆ తర్వాత బెంచీలన్నీ కలిశాయి.

ఇంటికి వస్తున్నంతసేపూ కొంప ముంచానేమో అనుకున్నాను. సందు మలుపులో అక్క ఆగింది.

"నీకు నమ్మకం లేదని నాకెప్పుడో తెలుసు. నా మొహం చూసి ఉత్తుత్తి ప్రార్థన చేస్తావేమోనని హడలిపోయానే. అట్టా చేసుంటే నీతో మాట్లాడేదాన్ని కాదు. వచ్చే ఆదివారం కూడా రా, పాడిపో" అంది.

మన కాలంలో పెద్దవాళ్ల దగ్గర మనసులో మాట దాచుకోవడమే మర్యాద. చెబితే వెలివేస్తారనుకున్నాను గానీ, ఎవరూ పొమ్మనకముందే భయపడి నేనే బయటికి వచ్చేశానని ఇన్నాళ్లకు తెలిసింది. నాన్నతో అలాంటి ఆదివారం ఒక్కటైనా దక్కించుకోలేకపోయాను. అక్కతో ఇంకా కొన్ని ఉన్నాయి.