పెరటి వాక్కాయ, వీధి గుమ్మం

బజార్లో కొన్న వాక్కాయ నాకు ఇప్పటికీ రుచించదు. వాక్కాయ ఇంటికి రావాలి, చుట్టంలా రావాలి. నా అలవాటు అలా చెడిపోయింది.

మా నాయనమ్మ పుట్టిల్లు రంభ అనే ఊరు. వానలు పట్టుకున్నాక ఏటా వాళ్ళ అన్నగారు కొండ దిగువన కోసిన వాక్కాయలు బుట్టకెత్తుకుని పాసింజరు బండిలో బరంపురంలోని మా ఇంటికి వచ్చేవారు. వీధి గుమ్మంలో నాయనమ్మ ఆయన కాళ్ళకు చెంబుతో నీళ్ళిచ్చి, కొంగు పట్టేది. ఆయన బుట్ట అందులోకి కుమ్మరించేవారు. మాటలన్నీ ఆ తరువాతే. కొట్టు మూసి భోజనానికొచ్చిన తాతయ్య, "ఏటి బావా, ఈయేడు ఆలీసమైపోనాది?" అని ఆటపట్టించేవాడు. ఆయన ఎంత ముందొచ్చినా అదే ప్రశ్న.

ఆఖరిసారి వచ్చినప్పుడు ఆయన అరుగు మీద కూలబడి, "నానింక మొయ్యలేనే. గింజలు దాసుకో, పెరట్లో ఎయ్యి" అన్నారు. నాయనమ్మ బీర, ఆనప గింజలకు చేసినట్టే వాక్కాయ గింజల్నీ పేడలో అద్ది గోడకు కొట్టింది. మా ఇళ్ళల్లో ఏ గింజనైనా అలాగే దాచేవాళ్ళు. నేను మాత్రం నల్లగా ముగ్గిన పళ్ళు దొంగతనంగా తిని, నూతిగట్టు పక్కన గింజలు ఉమ్మేసి, పెదాలకంటిన జిగురుతో దొరికిపోయి తిట్లు తిన్నాను.

వేసవిలో అన్నగారు పోయారని కబురొచ్చింది. ఆయనకు పిల్లల్లేరు. ఆ ఇంటికి తాళం పడింది.

మృగశిర కార్తెలో నాయనమ్మ పిడక చిదిపి గింజలన్నీ పాతింది. బీర మొలిచింది, ఆనప పందిరెక్కింది. వాక్కాయ పాదులో మాత్రం ఉత్త మట్టే. ఎండిన వాక్కాయ గింజ మొలవదని మాకెవరికీ తెలీదు. ఆవిడ రోజూ అక్కడ గొంతుక్కూర్చుని వేలితో మట్టి కెలికి చూసుకునేది. "నాకింక పుట్టిల్లు నేదు" అని ఓ రోజు పైకే ఏడ్చేసింది. పెద్దవాళ్ళు అలా ఏడుస్తారని తెలియక నాకు భయమేసింది.

ఆ వానల్లోనే నూతిగట్టు పక్క గడ్డి కోస్తుంటే ఒక మొక్క ఆకు తెగి పాలు కారాయి. నాయనమ్మ చిన్న చిన్న ముళ్ళు తడిమి చూసి, కొడవలి అవతల పారేసింది. "ఓలమ్మో! నిరుడు నువ్వుమ్మిందేనే ఇది!" అని నా బుగ్గలు పుణికింది.

ఇంట్లో ముళ్ళచెట్టుంటే తగువులొస్తాయని తాతయ్య పట్టు. "మద్రాసు ప్రెసిడెన్సీ మొత్తమ్మీద పెరట్లో ముళ్ళు పెంచీదానివి నువ్వొక్కర్తివే. పీకించీమంటావా నేదా?" అని మొక్క నడుమెత్తయ్యేదాకా సణిగాడు. తగువులన్నీ ఆ మొక్క గురించే కాబట్టి ఆయన అన్నదీ నిజమేనేమో. నాయనమ్మ దాని ఆకు కూడా ముట్టుకోనివ్వలేదు.

నాకు ఓణీలేసిన ఏడు అది కాసింది. చేతులు గీరుకుపోతున్నా నేనే కోశాను. బుట్ట తిన్నగా వంటింట్లోకి తీసుకెళ్ళబోతే నాయనమ్మ అడ్డుపడింది.

"ఇటు కాదే. సందులోంచి ఎల్లి, ఈది గుమ్మంకాడికి రా."

పెరటి తలుపు తీసుకుని, సందు చుట్టి, ఇంటి ముందుకొచ్చాను. ఆవిడ చెంబుతో నిలబడి ఉంది. నా కాళ్ళకు నీళ్ళు పోసి, కొంగు పట్టింది. కుమ్మరించాను.

అరుగు మీదున్న తాతయ్య కండువా సర్దుకుని లేచి నిలబడ్డాడు.

"ఏటి బావా," అన్నాడు నావైపు చూసి, "ఈయేడు ఆలీసమైపోనాది?"