కాపీ అన్న ముద్ర

ఈరోజు మచిలీపట్నంలో, మా కాలేజీలో ఫైనలియర్ ప్రాజెక్టుల వైవా. మా స్టూడెంట్ మేరీది కోడూరు. కాలువ నీళ్లలో ఉప్పెంతుందో కొలిచి కంప్యూటర్‌కు పంపే యూఎస్‌బీ పరికరం చేసింది.

"ప్రోగ్రామంతా నువ్వే రాశావా?" అన్నారు బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్.

"యూఎస్‌బీకి వాడిన లైబ్రరీ కోడ్ నాది కాదు సార్. ఎవరో రాసి, అందరూ వాడుకోమని నెట్‌లో పెట్టారు. రిపోర్టులో ఆ మాటే రాశాను. మిగతాదంతా నాదే."

"కాపీయేగా!" అని ఫెయిల్ చేశారు.

విజయవాడలో ప్రాజెక్టులు కొనుక్కొచ్చి, సొంతమేనని బొంకినవాళ్లు మాత్రం పాస్! పదిమందికీ పంచిన విద్య దొంగసొత్తట, కొన్నది ప్రతిభట!

వాదించాను, ఆయన వినలేదు. చివరికి మార్కుల షీటు మీద కాలేజీ తరఫు ఎగ్జామినర్‌గా నేనూ సంతకం పెట్టాను.

బయటికొచ్చాక మేరీ అడిగింది: "రిపోర్టులో నిజం రాయమంది మీరే కదా సార్?"

మీరైతే ఏం చెప్పేవాళ్లు?